ఇంటి హింస మీద డాన్స్ ఫిల్మ్: వలయం ఎట్ల కట్టాలె, కెమెరా ఎక్కడ పెట్టాలె?

కాజీపేట_పిల్ల:
అందరికీ నమస్తే. మా డిగ్రీ కాలేజీ అమ్మాయిలం పదిమందిమి కలిసి 6 నిమిషాల డాన్స్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నం. మాటలు ఉండయి. విషయం ఇంట్ల ఆడవాళ్ల మీద జరిగే హింస. బతుకమ్మ వలయం, దప్పు, మధ్యల కొంచెం పేరిణి (కాకతీయుల కాలం నాటి వీరనాట్యం). ఒక మిర్రర్‌లెస్ కెమెరా, రెండు ఫోన్లు, ఒక బ్లూటూత్ స్పీకర్ ఉన్నయి. ఏప్రిల్ల రామప్ప గుడి ముందట కొంత, మా హాస్టల్ ఆవరణల మిగతాది తీయాలని ప్లాన్.

ఇప్పటికి కథ ఇది: ముందు అందరు వలయంల ఆడుతుంటరు. తర్వాత ఒకామెను భర్త కొట్టుడు, స్లో మోషన్ల. చివరికి ఆమె కాళికాదేవి లెక్క లేచి త్రిశూలం పట్టుడు. ఏం ఉంచాలె, ఏం తీసెయ్యాలె? మొహమాటపడకుండ చెప్పండి.

లాస్యం_టీచర్:
మొహమాటం లేకుండానే చెప్తాను. వలయం ఉంచండి, మిగతా రెండూ తీసేయండి.

కొట్టడాన్ని స్లో మోషన్‌లో తీస్తే ఏమవుతుందంటే, జుట్టు గాలిలో తేలుతుంది, చున్నీ విచ్చుకుంటుంది, ఒళ్ళు విల్లులా వంగుతుంది. చూసేవాళ్ళ కంటికి అది అందమే. దెబ్బ పడిందన్న సంగతి వెనక్కి పోతుంది. పైగా డాన్సర్ శరీరానికి ప్రతి కదలికనూ పొందికగా చేసే అలవాటు ఉంటుంది కాబట్టి ఈ ప్రమాదం నటులకంటే మీకే ఎక్కువ.

దెబ్బకు ముందూ వెనకా ఉన్నదాన్ని ఆడించండి. 2005 గృహహింస చట్టం కూడా హింస అంటే కొట్టడం ఒక్కటే అనలేదు. శారీరకం, లైంగికం, మాటలతో మనసును గాయపరచడం, ఆర్థికం, అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో చేతితో చూపించగలిగినవి ఎన్ని ఉన్నాయో చూడండి: గొళ్ళెం పెట్టడం, చేతిలో ఫోన్ లాక్కోవడం, పాస్‌బుక్ బీరువాలో పెట్టి తాళం చెవి జేబులో వేసుకోవడం, కంచం ముందుకు తోయడం. పతాకం, కటకాముఖం లాంటి నాట్య ముద్రలు పట్టి చూపిస్తే నాట్యం నేర్చుకున్న నలుగురికే అర్థమవుతుంది. గొళ్ళెం అందరికీ తెలుసు.

ఒక పద్ధతి చెప్తాను. కొంగు నడుముకు చుట్టి దోపుకునే కదలిక ఒకటి తీసుకోండి. 8 లెక్కలు. మొదటిసారి భుజం నుంచి చెయ్యి మొత్తం తిరగాలి. రెండోసారి అదే 8 లెక్కల్లో మోచేయి నుంచి. మూడోసారి మణికట్టు నుంచి. నాలుగోసారి వేళ్ళు మాత్రమే కదలాలి, చూపు నేల మీద. వేగం మారకూడదు, పరిమాణమే తగ్గాలి. పిల్లలు చేసే తప్పు ఏంటంటే చిన్నగా చేయమనగానే నెమ్మదిగా చేస్తారు. అప్పుడు అది అలసటలా కనిపిస్తుంది, భయంలా కనిపించదు.

సంఘం_అక్క:
త్రిశూలం గురించి నేను చెప్త. ఊర్లల్ల మహిళా సంఘాల మీటింగులల్ల ఇసొంటి వీడియోలు పెడితే చివరికి ఆమె దేవత అయితది, అందరు చప్పట్లు కొడ్తరు, లేసి పోతరు. వెనక వరుసల కూసున్నామె మాత్రం "నాకు గంత ధైర్యం లేదు కదా" అనుకుంటది. తప్పు మళ్ల ఆమె మీదికే వచ్చింది.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5, అంటె జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కల తెలంగాణల 18 నుంచి 49 ఏండ్ల పెండ్లయిన ఆడవాళ్లల్ల దాదాపు 37 శాతం మంది భర్త చేతిల హింస ఎప్పుడో ఒకప్పుడు పడ్డమన్నరు. అరవై మంది కూసున్న మీటింగుల ఇరవై మంది అనుకోండ్రి. మీ సినిమా వాళ్లకు తెల్వని సంగతి చెప్పేది కాదు. చుట్టున్నోళ్లు ఏం చెయ్యాలెనో అది చూపెట్టుండ్రి.

లాస్యం_టీచర్:
అక్క చెప్పిన మాటతోనే మీ వలయానికి పని దొరుకుతుంది. బతుకమ్మ ఆటలో ఒంగి చప్పట్లు కొడతారు కదా. చెంపదెబ్బ శబ్దమూ అదే జాతి శబ్దం. దెబ్బను చూపించకండి. వలయం లయలో చప్పట్లు కొడుతుండగా ఎక్కడి నుంచో లయ తప్పిన చప్పుడు ఒకటి వినిపించాలి. అందరికీ వినిపించింది, మెడలు ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ ఆట సాగింది. రెండోసారి వినిపించినప్పుడు పదిమందిలో ఒకామె లేదు, ఆమె చోటు ఖాళీ. పక్కవాళ్ళు జరిగి ఆ ఖాళీని పూడ్చేస్తారు. ఈ జరగడమే అసలు హింస, నా దృష్టిలో. చివరికి వలయం జరగకుండా ఆగాలి, చోటు వదలాలి, ఒకామె బయటికి నడవాలి. భర్త పాత్ర అసలు తెర మీదికి రానక్కర్లేదు.

దరువు:
సూపర్ ఉంది అక్కా. లెక్క నేను కడ్త.

నిమిషానికి 100 దరువులు పెట్టుకోండ్రి. ఒక్కో దెబ్బకు 0.6 సెకను. 25 ఎఫ్‌పీఎస్‌ల (సెకనుకు 25 ఫ్రేములు) తీస్తె సరిగ్గ 15 ఫ్రేములు, ఎడిటింగ్‌ల తలనొప్పి ఉండది. 120 పెడితె దెబ్బకు పన్నెండున్నర ఫ్రేములు వస్తయి, ఒక కట్ ఇటు ఒక కట్ అటు జారుతది. తప్పు చప్పుడు సగం దరువు మీద పడాలె, అంటె అసలు చప్పట్ల తర్వాత 0.3 సెకనుకు. 0.1 పెట్టిన్రంటె ఎవరో అమ్మాయి ఆలస్యంగ కొట్టిందనుకుంటరు.

దప్పు లైవ్‌ల కొట్టించకుండ్రి. దప్పును మంట మీద కాపుతరు, పది నిమిషాలల్ల తోలు సల్లబడి శృతి దిగుతది. ఒక్కో టేకుకు ఒక్కో తీరు వినపడతది. ముందుగాల్నే ఒక గదిల రికార్డు చెయ్యుండ్రి. బొంతలు, పరుపులు గోడలకు ఆనిచ్చి పెడితె గూంజు తగ్గుతది. మైకు 4, 5 అడుగుల దూరంల, దప్పుకు ఎదురుంగ కాదు, కొంచెం పక్కకు. లెవెల్ గట్టి దెబ్బకు కూడ మైనస్ 12 డీబీ దాటొద్దు. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ వేరువేరు ట్రాకులు తీసుకుంటె ఇంకా మంచిది. దప్పు మెల్లమెల్లగ పోయి సిటికెన పుల్ల ఒక్కటే మిగిలినప్పుడు గుండె దడ లెక్క ఉంటది. కళాకారునికి పైసలియ్యుండ్రి, టైటిల్‌ల పేరు ఎయ్యుండ్రి. ఆడపిల్లల న్యాయం మీద సినిమా తీసి దప్పు కొట్టినాయనకు చాయ్ తాపి పంపుడు పద్ధతి కాదు.

కాజీపేట_పిల్ల:
దెబ్బ సీన్ తీసేస్తున్నం. కాని కొంగు సీన్ కొంచెం స్లోగ ఉండాలె అని మా కెమెరా అమ్మాయి పట్టుబడుతుంది. పాటకు సింక్ ఎట్ల? ఇంకా, వలయం పైనుంచి కనపడాలె, డ్రోన్ లేదు.

పాకాల_కెమెరా:
సింక్ కావాలంటే ఎంత స్లో చేస్తారో అంత పాట వేగం పెంచి వినిపించాలి. 50 ఎఫ్‌పీఎస్‌లో తీసి 25లో ఆడిస్తే పాటను రెట్టింపు వేగంతో పెట్టాలి. 100 కాస్తా 200 దరువులవుతుంది, ఎవరూ ఆడలేరు. దానికి బదులు 30 ఎఫ్‌పీఎస్‌లో తీసి టైమ్‌లైన్‌లో 25కు మార్చండి. ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. సెట్‌లో పాట 120 శాతం వేగంతో పెడితే చాలు. చూసేవాళ్ళకు స్లో మోషన్ అని తెలియదు, గాలి బరువెక్కినట్టు ఉంటుంది. టీచర్ గారి అభ్యంతరం కూడా తీరుతుంది.

షట్టర్ 1/50 దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హాస్టల్ ట్యూబ్‌లైట్ సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 1/50, 1/100 దానికి సరిపోతాయి. ఫోన్లు ఆటోలో 1/60కి పోతాయి, అప్పుడు గోడ మీద నల్లటి పట్టీలు కదులుతాయి. షూట్ రోజు చిన్న స్క్రీన్‌లో కనపడవు, ల్యాప్‌టాప్‌లో వేసినప్పుడు గుండె గుభేల్మంటుంది.

డ్రోన్ అక్కర్లేదు. హాస్టల్ డాబా 30 అడుగుల ఎత్తుంటే 24 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌లో, తలల ఎత్తు దగ్గర, సుమారు 37 అడుగుల వెడల్పు, 21 అడుగుల లోతు (ఫ్రేమ్ పొట్టి వైపు) పడుతుంది. వలయం వ్యాసం 16 అడుగులు దాటొద్దు. పదిమందికి మనిషికి ఐదు అడుగులు వస్తుంది, చేతులు చాచి ఒంగడానికి సరిపోతుంది. ఫోన్‌లో స్టెబిలైజేషన్ ఆన్ ఉంటే అంచులు కోసేస్తుంది, ఆఫ్ చేసి స్టాండ్‌కు కట్టండి. కెమెరా పిట్టగోడ అంచుకు రావాలి, లేకపోతే వలయం కోడిగుడ్డులా కనిపిస్తుంది. పిట్టగోడ అవతలకు ఒక కర్ర కట్టి దాని చివర ఫోన్ బిగిస్తే దాదాపు నిట్టనిలువు వస్తుంది. ఫోన్‌కు రెండో తాడు తప్పనిసరి, కింద పదిమంది తలలున్నాయి.

కోటగుమ్మం:
రామప్ప గురించి ఎవరూ మాట్లాడటం లేదు, నేను అందుకుంటా. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. ఫోన్ పట్టుకొని ఫొటో దిగడం వేరు. ట్రైపాడ్, స్పీకర్, పదిమంది కాస్ట్యూమ్‌తో షూటింగ్ అంటే ముందుగా రాతపూర్వక అనుమతి, రుసుము కావాలి. వెయ్యి స్తంభాల గుడి, వరంగల్ కోటలో తోరణాల దగ్గరా అంతే. ఏప్రిల్ అంటున్నారు కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పెట్టాలి, అదీ కాలేజీ లెటర్‌హెడ్ మీద. లేదంటే గేటు దగ్గరే ఆపుతారు, బస్సు కిరాయి దండగ.

అసలు ఇంటి హింస కథకు రామప్ప ఎందుకు? అక్కడ తీస్తే టూరిజం వీడియో అవుతుంది. మదనికల (గుడి మీది నాట్యగత్తెల శిల్పాలు) ముందు నిలబడితే చూపంతా మదనికల మీదే.

ఇంకొకటి, ఏప్రిల్‌లో రాతి నేల మీద ఉత్తకాళ్ళతో ఆట. పొద్దున 8 దాటితే అరికాళ్ళు కాలతాయి. హాస్టల్ ఆవరణలో కూడా 6 నుంచి 8 వరకే పెట్టుకోండి. ఆ ఏటవాలు వెలుతురులో పైనుంచి తీసే షాట్‌కు నీడలు పొడుగ్గా పడతాయి, వలయం రెండింతలు కనపడుతుంది.

పేరిణి_ప్రియుడు:
పేరిణిని ఇలా ఎక్కడపడితే అక్కడ వాడటం నాకు నచ్చలేదు. యుద్ధానికి వెళ్ళే ముందు వీరులు చేసిన శివతాండవం అది. ఏడుపు కథలో దాన్ని ఇరికించడం ఏంటి?

లాస్యం_టీచర్:
కాకతీయ గణపతిదేవుని గజసాహిణి (ఏనుగుల దళానికి అధిపతి) జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి పేరిణి గురించి చెప్తుంది. ఇప్పుడు మనం చూస్తున్న రూపం ఆ గ్రంథం, రామప్ప శిల్పాల ఆధారంగా నటరాజ రామకృష్ణ గారు 20వ శతాబ్దంలో తిరిగి నిలబెట్టింది. అంటే ఒకరు ఆలోచించి కట్టినదే. ఆడవాళ్ళకు పేరిణి లాస్యం కూడా ఉంది. కాబట్టి అమ్మాయిలు చేయకూడదన్నది వాదన కాదు.

కానీ ఈ సినిమాలో పేరిణి వద్దని నేనూ అంటాను, కారణం వేరు. ఆ అడుగుల బలం ఒక్కసారిగా వస్తే అది మళ్ళీ త్రిశూలమే, పేరు మారింది అంతే. వాడాలనుకుంటే ఒక్క నేల తట్టు తీసుకోండి. బయటికి నడిచే అమ్మాయి మడమ నేలకు తగిలినప్పుడు మొదటిసారి లయ మీద సరిగ్గా పడాలి. అంతవరకు ఆమె అడుగులన్నీ చప్పుడు లేకుండా ఉండాలి. గజ్జెలు ఎవరికీ వద్దు, గజ్జెలుంటే ఈ తేడా వినపడదు.

పేరిణి_ప్రియుడు:
నేల తట్టు ఒక్కటే అంటే సరే. పోస్టర్ మీద పేరిణి అని వేయొద్దు మరి.

ఏటూరునాగారం_బాట:
ఇదే మాట మీద ఇంకొకటి. కొంతమంది ఇసొంటి వీడియోల్ల మొగోని క్రూరత్వం చూపెట్టనీకి గుస్సాడీ టోపీ, నెమలీకలు పెట్టి ఆడిస్తున్నరు. అది ఆదిలాబాద్ గోండుల దండారీ పండుగ ఆట, వాళ్లకు దేవుని కార్యం. విలన్ వేషం కాదు. కోయ, లంబాడీ ఆటలు కూడ రంగు కోసం అతికియ్యొద్దు.

కాజీపేట_పిల్ల:
మరి బతుకమ్మ కూడ పండుగే కదా? ఎవరైన అంటరేమో అని భయం.

సంఘం_అక్క:
గౌరమ్మను, పేర్చిన బతుకమ్మను మధ్యల పెట్టకుండ్రి. వలయం, ఒంగుడు, చప్పట్లు అంతే. పాట కూడ మీదే కట్టుకోండ్రి, ఉయ్యాలో పల్లవి ఉంటె చాలు. బతుకమ్మ పాటలల్ల ఆడబిడ్డల కష్టం ఎప్పటినుంచో ఉన్నదే, అది కొత్తగ తెచ్చి పెడుతున్నది కాదు. ఎట్లాగు ఏప్రిల్ల గునుగు దొరకది.

కాజీపేట_పిల్ల:
ఒక్క సీన్ల మాత్రం చెయ్యి పట్టి లోపలికి గుంజుడు ఉంచుతున్నం. తలుపు సందుల చెయ్యి ఒక్కటే కనపడుతది. దెబ్బలు తగలకుండ ఎట్ల చెయ్యాలె?

లాస్యం_టీచర్:
సూత్రం ఒక్కటే: లాగించుకునే మనిషే కదలికను నడిపించాలి. పట్టుకునే చెయ్యి మణికట్టు మీద వదులుగా ఆనుతుంది, బొటనవేలు నొక్కదు. అమ్మాయే తన బరువును వెనక్కి వేసి, తర్వాత తనే ముందుకు అడుగు వేస్తుంది. లాగే మనిషి నిజంగా లాగితే మోచేయి, భుజం కీలు పోతాయి. గాజు గాజులు తీసేసి ప్లాస్టిక్‌వి వేయండి. జుట్టు పట్టే సీన్ ఎవరైనా తీయాలనుకుంటే, పిడికిలి తల మీద ఆనాలి అంతే, అమ్మాయి రెండు చేతులతో ఆ మణికట్టును తన తలకు అదిమిపట్టి తనే కదలాలి. పడేటప్పుడు మోకాలు, అరచేయి నేలకు తగలకూడదు. పిక్క, తొడ, పిరుదు, పక్కటెముకల వరుసలో ఒరగాలి. దుప్పటి కింద రెండంగుళాల మ్యాట్.

మూడు వేగాలు పెట్టుకోండి. సగం వేగంలో తప్పు లేకుండా వచ్చేదాకా పూర్తి వేగం లేదు. అలసిన తర్వాత ఈ సీన్ తీయకండి, రోజులో మొదటి షాట్ ఇదే కావాలి. ఎవరైనా ఆపమన్నారంటే కెమెరా ఆగాలి. "ఆపు" అన్నది కథలో కూడా వచ్చే మాట కాబట్టి వేరే మాట పెట్టుకోండి, "టమాట" అనండి, నవ్వొచ్చినా పర్లేదు. ఆ రోజు సెట్‌లో పనిలేని వాళ్ళు ఉండకూడదు, ఫోన్లలో మేకింగ్ వీడియోలు అసలే వద్దు.

సుబేదారి_వకీల్:
చట్టం విషయం క్లుప్తంగా. నిజంగా జరిగిన కేసును తీసుకుంటే లైంగిక దాడి బాధితురాలిని గుర్తుపట్టేలా పేరు, ఊరు, ఇల్లు, బంధువులు ఏదీ బయటపెట్టకూడదు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ వరకు శిక్ష ఉంది. మైనర్ అయితే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షన్ కూడా వర్తిస్తుంది. పేరు మార్చాం అంటే సరిపోదు, మన వరంగల్‌లో వీధి కనపడితే మనిషి తెలిసిపోతుంది. యాసిడ్ సీన్ పెట్టాలని ఎవరికైనా ఆలోచన వస్తే, ఇక్కడ ఏ యాసిడ్ సీన్ అయినా 2008 డిసెంబర్ వరంగల్ యాసిడ్ దాడిని గుర్తు చేస్తుంది, మీరు ఉద్దేశించినా లేకపోయినా.

నటించేవాళ్ళ దగ్గర సంతకం తీసుకోండి: ఏ సీన్లు, ఎక్కడెక్కడ చూపిస్తారు, యూట్యూబ్‌లో పెడతారా, ఏ తేదీ వరకు తీసేయమని అడగొచ్చు. 18 నిండని వాళ్ళుంటే తల్లిదండ్రుల సంతకం. బాధితులతో వాళ్ళ కథనే ఆడించొద్దు. వాళ్ళు కథ చదివి సలహా ఇస్తామంటే ఆ పనికి పైకం ఇచ్చి తీసుకోండి. పాట మీరే కట్టుకుంటున్నారు కాబట్టి కాపీరైట్ గొడవ లేదు, దప్పు ట్రాక్ వాడుకోవడానికి కళాకారుడి సంతకం మర్చిపోవద్దు.

హన్మకొండ_ఎడిటర్:
ఫోన్ ఫుటేజ్ నేరుగా టైమ్‌లైన్‌లో వేయకండి. ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, నాలుగో నిమిషానికి చప్పట్లు చేతుల కంటే ముందు వినపడతాయి. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో మార్చే సాఫ్ట్‌వేర్) స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి తర్వాత వేయండి.

స్పీకర్ వలయం దగ్గరే ఉంచండి. 45 అడుగుల దూరానికి ధ్వని ఒక ఫ్రేమ్ ఆలస్యం. బ్లూటూత్ ఆలస్యం గురించి కంగారొద్దు, అది అందరికీ ఒకేలా వినపడుతుంది. డాబా మీది కెమెరాను మాత్రం ధ్వనితో కాకుండా, చేతులు కలిసిన ఫ్రేమ్ చూసి సింక్ చేయండి.

కట్‌ల గురించి నా పట్టు ఒకటి. లయ తప్పిన చప్పుడు మీద కట్ చేయొద్దు. కట్ చేస్తే అది ఎడిటింగ్ ఎఫెక్ట్ అయిపోతుంది. చప్పుడు వచ్చినప్పుడు పక్కామె ముఖం మీద షాట్ అప్పటికే నడుస్తూ ఉండాలి, చప్పుడు తర్వాత కనీసం 2 సెకన్లు అలాగే ఉండాలి. ఆమె కళ్ళు పక్కకు వెళ్ళి వెనక్కి వస్తాయి చూశారా, సినిమా అంతా అక్కడే ఉంది. క్లోజప్ తీసేటప్పుడు అసలు చప్పుడు వినిపించి తీయండి. డైరెక్టర్ "ఇప్పుడు" అని అరిస్తే కళ్ళు డైరెక్టర్ వైపు పోతాయి. వలయం బయట ఒకరు రెండు చెక్క ముక్కలు కొడితే చాలు, ఎప్పుడు కొడతారో అమ్మాయిలకు ముందే చెప్పకండి.

లాస్యం_టీచర్:
చివరి మాటకు ఒప్పుకోను. ఈ కథలో నటించే అమ్మాయిలను ఉలిక్కిపడేలా చేయడం నాకిష్టం లేదు, ఎవరి ఇంట్లో ఏముందో మనకు తెలియదు. ఎన్నో దరువు మీదో చెప్పకపోయినా, ఈ టేకులో చప్పుడు వస్తుందని మాత్రం చెప్పండి.

హన్మకొండ_ఎడిటర్:
అది సబబే. టేకు చెప్పండి, దరువు చెప్పొద్దు.

కాజీపేట_పిల్ల:
చివరి కార్డు మీద ఏం రాయాలె? ఊర్లల్ల చూపెట్టేటప్పుడు ఏం జాగ్రత్తలు?

సంఘం_అక్క:
మహిళా హెల్ప్‌లైన్ 181 పెద్దగ రాయుండ్రి, 24 గంటలు పనిచేస్తది. దానికింద అత్యవసరమైతె 112. ఇంకేం వద్దు. ఐదారు నంబర్లు పెడితె ఒక్కటి కూడ యాదికుండది. కార్డు 8 సెకన్లన్న ఆగాలె, వెనక పాట ఉండొద్దు, ఒకామె గొంతుతోని నంబరు రెండుసార్లు చదివియ్యాలె. చదువురానోళ్లు ఉంటరు.

చూపెట్టేకాడ సఖి కేంద్రం కౌన్సెలర్‌ను ముందుగాల్నే పిలుచుకోండ్రి. అక్కడ వైద్యం, లాయర్ సలహా, ఐదు రోజుల దాక ఉండనీకి చోటు దొరుకుతయని ఆమె నోటితోనే చెప్పించుండ్రి. సినిమా అయినంక "మీకెవరికైన ఇట్ల జరిగిందా, చేతులెత్తుండ్రి" అని అడగొద్దు. చాలమంది అడుగుతరు గీ మాట. పక్కకే అత్తగారు కూసోని ఉంటది. "వలయం జరగకుండ ఆగిన్రు కదా, మన వాడకట్టుల ఐతె ఎట్ల ఆగుతం" అని అడగుండ్రి, మాటలు వాటంతటవే వస్తయి. ఒకామె తర్వాత వచ్చి చెప్పుకుంటె వినుండ్రి, రికార్డు చెయ్యకుండ్రి, ఆమె అడగకుండ పోలీస్ స్టేషన్‌కు తోలుకపోవద్దు.

సుబేదారి_వకీల్:
ఒక్క సవరణ. చెప్పుకున్నది 18 లోపు పిల్ల, లైంగిక దాడి గురించి అయితే, పోక్సో 19 ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోతే 21 కింద శిక్ష. అందుకని పిల్లలకు "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

హన్మకొండ_ఎడిటర్:
యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు థంబ్‌నెయిల్ మీద భయపడ్డ ముఖం, ఎర్ర అక్షరాలు వద్దు. చాలా ఇళ్ళలో ఫోన్ ఇద్దరిదీ, హిస్టరీ ఆయన చూస్తాడు. పైనుంచి తీసిన వలయం ఫ్రేమ్ పెట్టి, టైటిల్ పాట పేరుతో ఉంచండి. హెల్ప్‌లైన్ డిస్క్రిప్షన్‌లో కాదు, వీడియో లోపలే ఉండాలి.

కాజీపేట_పిల్ల:
రామప్ప తీసేసినం, అంతా హాస్టల్‌లనే. డాబా కొలిచి చూస్తే 27 అడుగులే ఉంది. వలయం ఎంత పెట్టాలె?

పాకాల_కెమెరా:
తలల దగ్గర లోతు 18 అడుగులే వస్తుంది. వ్యాసం 14 పెట్టండి, ఎనిమిది మందిని వలయంలో ఉంచి ఇద్దరిని తలుపు సీన్‌కు, గొంతుకు వాడుకోండి. పదిమందీ కావాల్సిందే అంటే ఫోన్‌లో వైడ్ లెన్స్‌కు మారండి, కానీ అంచుల్లో ఉన్నవాళ్ళు సాగినట్టు కనపడతారు. ఖాళీ అయ్యే చోటు మాత్రం ఫ్రేమ్ మధ్య గీతకు దగ్గరగా పెట్టుకోండి.